కరకట్ట దాకా ఆరు రోజులు

మొదటి రోజు: చికాగో

చికాగో నగరం పడమటి భాగంలో, మాడిసన్ వీధి 1800 నంబరు దగ్గర, ఇప్పుడు చూడదగిన వస్తువు ఒక్కటీ లేదు. కార్లు నిలుపుకొనే విశాలమైన తారు నేల, వీధికి ఆవలివైపు యునైటెడ్ సెంటర్ అనే కొత్త క్రీడామందిరం, అంతే. 1929లో తెరిచి 1995లో కూల్చివేసిన చికాగో స్టేడియం నిలిచిన చోటు అదే. నిరుడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం, డెబ్బై దాటిన ఇద్దరు తెలుగువాళ్ళం ఆ తారు మీద నిలబడి, యాభై ఏళ్ళ కిందట మేము కూర్చున్న కుర్చీలు గాలిలో ఏ ఎత్తున ఉండేవో ఒకరికొకరం వేలు పెట్టి చూపించుకుంటూ వాదించుకున్నాం.

1975 జనవరిలో లెడ్ జెపెలిన్ అనే ఇంగ్లండు రాక్ బృందం ఆ స్టేడియంలో 20, 21, 22 తేదీల్లో వరసగా మూడు రాత్రులు కచేరీ చేసింది. అప్పటికి నేను ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విద్యార్థిని. నా గదిలో ఉండే వరంగల్లు మిత్రుడు వారం రోజుల తిండి ఖర్చు టిక్కెట్లకు పెట్టి, మంచులో నిలబడి, మొదటి రాత్రికి రెండు సంపాదించుకొచ్చాడు. గిటారు వాయించే జిమ్మీ పేజ్ ఎడమచేతి వేలు కొద్ది రోజుల ముందే రైలు తలుపు సందున పడి నలిగింది. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు జలుబుతో బొంగురుపోయింది. అవేవీ మాకు పట్టలేదు. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టును మించిన మోత ఎరగని నాకు, దీపాలు ఆరిపోయి, వేలాది గొంతులు ఒక్కసారిగా లేచి, చీకట్లో అగ్గిపుల్లలు మిణుగురుల్లా వెలిగి, ఆ వెనకనే జాన్ బోనమ్ డ్రమ్ముల దెబ్బ పడినప్పుడు, డప్పుకు మరీ దగ్గరగా నిలబడితే పొట్టలో పుట్టే అదురు వంటిది ఒళ్ళంతా పాకింది.

ఆ రాత్రి వాళ్ళు వాయించిన వాటిలో ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ ఒకటి. లెవీ అన్న మాటకు అర్థం నాకు తెలియదు. ధాన్యం లెవీ ఒక్కటే తెలుసు. మరునాడు గ్రంథాలయంలో నిఘంటువు తిరగేస్తే అది నది పొంగకుండా ఒడ్డున పోసే మట్టికట్ట అని తేలింది, అంటే మా కరకట్ట. నేను పుట్టింది దివిసీమలో. కృష్ణ కరకట్ట మీద సైకిలు తొక్కుతూ పెరిగినవాణ్ణి, కరకట్ట తెగితే ఏమవుతుందో పెద్దలు చెప్పగా విన్నవాణ్ణి, ఆ భయాన్ని ఇంగ్లండు కుర్రాళ్ళు నలుగురు ఎందుకు పాడుతున్నారో అర్థంకాక ఆ పాట ఉన్న రికార్డును కొనుక్కున్నాను. రెండో వైపు చివరి పాట అది. పాటలు కట్టినవారి పేర్లలో నలుగురు బృంద సభ్యులతో పాటు అయిదో పేరు ఒకటి ఉంది: మెంఫిస్ మిన్నీ. ఎవరని అడిగితే మా తరగతిలోని అమెరికన్ కుర్రాళ్ళెవరికీ తెలియదు. ఆ అడగడమే ఈ ప్రయాణానికి తొలి అడుగు. రెండో అడుగు వెయ్యడానికి యాభై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు తలచుకుంటే మింగుడుపడని సంగతి వేరొకటి ఉంది. పేజ్ వేలు బాగులేక ఒక పాటను పక్కన పెట్టి, ఆ వారాల్లో బృందం తమ పాత పాట ‘హౌ మెనీ మోర్ టైమ్స్’ను మళ్ళీ వేదికెక్కించింది. ఆ పాటకు మూలం, అమెరికా దక్షిణాది నల్లవారి పాట అయిన బ్లూస్‌ను పాడే హౌలిన్ వుల్ఫ్ 1951లో పాడిన ‘హౌ మెనీ మోర్ ఇయర్స్’. చెస్టర్ బర్నెట్ అనే అసలు పేరు గల ఆ మహాకాయుడు 1975 జనవరిలో బతికే ఉన్నాడు, అదే చికాగోలో ఉన్నాడు. మూత్రపిండాలు చెడిపోయి వైద్యం చేయించుకుంటూనే, తన బృందంలో శాక్సోఫోన్ వాయించే ఎడ్డీ షా నడిపిన క్లబ్బులో పాడుతూ వచ్చాడు. ఆ క్లబ్బు రూజ్‌వెల్ట్ రోడ్డు మీద 1815వ నంబరు. అంటే మేము కూర్చున్న స్టేడియానికి దక్షిణంగా దాదాపు మైలు దూరం. మరుసటి ఏడు జనవరి 10న ఆయన పోయాడు. మా కళాశాలకు పది వీధుల అవతల, 43వ వీధిలో, బ్లూస్ గిటారు వాద్యకారుడు బడ్డీ గై నడిపే చెకర్‌బోర్డ్ లౌంజ్ అనే క్లబ్బు అప్పటికే తెరిచి ఉంది. ముప్పై అయిదో వీధి దాటి దక్షిణానికి పోవద్దని సీనియర్లు హెచ్చరించేవారు. మేము బుద్ధిమంతులం గనుక పోలేదు. ప్రతిధ్వనికి డబ్బు పోసి టిక్కెట్టు కొన్నాం, అసలు గొంతు నడకదూరంలో ఉండగా వినలేదు.

“మనకు తెల్వక పోలె, భయానికి పోలె,” అన్నాడు మిత్రుడు. “రెండిట్ల ఏదెక్కువో చెప్పు.”

నేను చెప్పలేదు.

సాయంత్రం దక్షిణ మిషిగన్ అవెన్యూలో 2120వ నంబరు ఇంటికి వెళ్ళాం. 1957 నుంచి సుమారు పదేళ్ళు చెస్ రికార్డుల సంస్థ ఉన్న రెండంతస్తుల సన్నని కట్టడమిది. బ్లూస్ గాయకులు మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీల రికార్డులు వెలువడిన సంస్థ అది. మడ్డీ 1950 నాటి పాట నుంచే తమ పేరు తీసుకున్న రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం వాళ్ళు 1964 జూన్‌లో ఇక్కడికి వచ్చి రికార్డు చేసుకుని, ఇంటి నంబరునే ఒక వాద్యగీతానికి పేరుగా పెట్టుకున్నారు. ఆ రోజు మడ్డీ వాటర్స్ నిచ్చెనెక్కి కప్పుకు సున్నం కొడుతూ కనిపించాడని కీత్ రిచర్డ్స్ ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చాడు. అదంతా కల్పన అని చెస్ కుటుంబం ఖండిస్తూ వచ్చింది. నాకు రెండో మాటే నమ్మకంగా తోస్తుంది. అయితే కథ ఎందుకు అతుక్కుపోయిందో ఊహించడం కష్టం కాదు.

ఆ ఇల్లు ఇప్పుడు విల్లీ డిక్సన్ పేరిట నెలకొన్న బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ చేతిలో ఉంది. డిక్సన్ పాటలు కట్టేవాడు, బాస్ వాయించేవాడు. ఆయన రాసి మడ్డీ పాడిన ‘యూ నీడ్ లవ్’లోని మాటలు లెడ్ జెపెలిన్ ‘హోల్ లాటా లవ్’లో ఆయన పేరు లేకుండా చేరాయి, 1985లో దావా వేస్తే 1987లో రాజీ కుదిరి, పేరూ సొమ్మూ ముట్టాయి. మెంఫిస్ మిన్నీకి పేరిచ్చిన చేతులే డిక్సన్‌కు ఎందుకివ్వలేదన్న ప్రశ్నకు ఆ బృందాన్ని ఎంత ప్రేమించే నా వంటి వాడి దగ్గరైనా మర్యాదైన జవాబు లేదు.

రాత్రి ఎనిమిదింటికి యూనియన్ స్టేషన్‌లో ‘సిటీ ఆఫ్ న్యూ ఆర్లియన్స్’ రైలెక్కాం.

రెండో రోజు: మెంఫిస్, వాల్స్

ఈ రైలు దారి ఒకప్పటి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేది. 1910కీ 1970కీ మధ్య దక్షిణాది రాష్ట్రాలు వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు తరలిపోయిన అరవై లక్షల మంది నల్లవారిలో, మిసిసిపీ వాళ్ళు ఎక్కువగా ఈ పట్టాల మీదుగానే చికాగో చేరారు. 1943లో మడ్డీ వాటర్స్ కూడా ఇలాగే వెళ్ళాడు. పాట ఎటు నుంచి ఎటు ప్రయాణించిందో మేము దానికి ఎదురు వెళ్తున్నాం. ఈ ఆలోచన నాకు చాలా గొప్పగా తోచి మిత్రుడికి చెబుదామని చూస్తే, వాడు అప్పటికే కోటు ముఖం మీద కప్పుకొని గుర్రు పెడుతున్నాడు.

తెల్లవారుజామున మెంఫిస్‌లో దిగాం. అద్దె కారు కోసం మూడు గంటలు కూర్చోబెట్టారు, అది వదిలేద్దాం. యూనియన్ అవెన్యూ 706లో సన్ స్టూడియో చూశాం. సామ్ ఫిలిప్స్ 1950లో తెరిచిన ఆ గది మా ఊరి రైస్‌మిల్లు గుమస్తా గది కన్నా పెద్దదేమీ కాదు. హౌలిన్ వుల్ఫ్‌ను తొలిగా రికార్డు చేసినవాడు ఫిలిప్సే. 1951 మార్చిలో క్లార్క్స్‌డేల్ నుంచి ఐక్ టర్నర్ బృందం ‘రాకెట్ 88’ రికార్డు చెయ్యడానికి వచ్చినప్పుడు, దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయరులో స్పీకరు కోను చిరిగి ఉంటే, వార్తాపత్రికలు కుక్కి పని కానిచ్చారు. దానివల్ల గిటారు నాదం గరగరలాడుతూ వచ్చింది. శుభ్రమైన స్వరం కావాలనుకునే ఇంజనీరు ఎవరైనా పారేసే ఆ గరగరను ఫిలిప్స్ ఉంచేశాడు. పాతికేళ్ళ తరవాత పెద్ద పెద్ద స్టేడియాల్లో లక్షల రూపాయల పరికరాలు పెట్టి పుట్టించిన మోతకు ఆది ఒక చిరుగు, దానికి వేసిన కాగితపు అతుకు.

అక్కణ్ణుంచి 61వ నంబరు రహదారి పట్టి దక్షిణానికి కొద్ది దూరం పోతే రాష్ట్రం మారుతుంది. వాల్స్ అనే చిన్న ఊరు వస్తుంది. న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చి పక్క శ్మశానంలో మెంఫిస్ మిన్నీ సమాధి ఉంది. అసలు పేరు లిజ్జీ డగ్లస్. పదమూడేళ్ళప్పుడు ఇల్లు వదిలి మెంఫిస్ బీల్ వీధిలో గిటారు వాయించుకు బతికిన మనిషి. మగవాళ్ళతో పోటీలకు దిగి గెలిచిందని పేరు. 1929లో ఆమె, అప్పటి భర్త కాన్సస్ జో మెకాయ్ కలిసి కరకట్ట పాట రికార్డు చేశారు. పాడింది జో, గిటారు ఇద్దరిదీ. పక్షవాతంతో ఏళ్ళ తరబడి మంచాన ఉండి 1973లో పోయింది. అంటే ఆమె పాటకు ఇంగ్లండు బృందం కొత్త రూపమిచ్చి అప్పటికి రెండేళ్ళు. సమాధికి రాయి పడింది 1996లో. ఖర్చు పెట్టుకున్నది గాయని బానీ రెయిట్.

రాయి దగ్గర ఎవరో నాలుగు గిటారు మీటులు వదిలి వెళ్ళారు. వాటి మీద చీమలు బారుకట్టి పోతున్నాయి. నా జేబులో ఇవ్వదగినది ఏదీ దొరకలేదు. రైల్లో తినగా మిగిలిన సున్నుండలు ఉన్నాయి గానీ, చీమల సంగతి చూశాక ఆ ఆలోచన మానుకున్నాను.

మూడో రోజు: క్లార్క్స్‌డేల్

డెల్టా అన్న మాటను నమ్మి సముద్రం కోసం వెతకకూడదు. మిసిసిపీ, యాజూ నదుల మధ్య మెంఫిస్ నుంచి విక్స్‌బర్గ్ దాకా పరుచుకున్న ఒండ్రు మైదానమే ఇక్కడివారి డెల్టా. బల్లపరుపు నేల, కాలువలు, చెట్లు లేని దిగంతం. కారులోంచి చూస్తుంటే తెనాలి నుంచి రేపల్లె పోతున్నట్టే ఉంది, వరి బదులు పత్తి. పత్తితీత మొదలై రోజులయింది. దారి పక్కన దిగి మిత్రుడు ఒక కాయను చేతిలోకి తీసుకుని, దూదిని చిటికెతో లాగి, గింజను వేలితో నొక్కి చూశాడు. వాడి నాయన వరంగల్లు దగ్గర పత్తి రైతు.

“చెట్టు పొట్టిగున్నది, కాయ మస్తుగున్నది,” అన్నాడు. తరవాత చేను ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, “మనిషే కనవడ్తలేడు గదరా,” అన్నాడు.

నిజమే. ఒక్క యంత్రం చేను మధ్యలో తిరుగుతూ, పత్తిని గుండ్రని మోపులుగా చుట్టి పసుపుపచ్చ ప్లాస్టిక్ తొడిగి వెనక్కి వదులుతున్నది. క్లార్క్స్‌డేల్ పక్కనే హాప్‌సన్ తోటలో 1944లో పత్తితీత యంత్రాలను బహిరంగంగా నడిపి చూపించారు. ఒక్కొక్కటి యాభై మంది కూలీల పని చేసింది. ఆ యంత్రమూ, కౌలు లెక్కల్లో ఏటేటా తేలే బాకీ, చట్టం ముసుగులో సాగిన జాతి వివక్ష కలిసి మనుషులను ఉత్తరాదికి రైలెక్కించాయి. మనుషులతో పాటు పాట వెళ్ళింది.

డెల్టా బ్లూస్ మ్యూజియం పాత రైల్వే సరకుల గిడ్డంగిలో ఉంది. లోపల మడ్డీ వాటర్స్ పెరిగిన స్టోవల్ తోట గుడిసె మిగిలిన దుంగలను మళ్ళీ నిలబెట్టి ఉంచారు. 1941 ఆగస్టులో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున ఆలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్ వచ్చి, ట్రాక్టరు తోలుకునే ఆ కుర్రవాడి పాటలు రికార్డు చేశారు. తన గొంతు తానే వినడం అతనికి అదే మొదలు. రెండేళ్ళు తిరగకుండా చికాగో వెళ్ళిపోయాడు. అక్కడి బారుల్లో తాగి అరిచే జనం మధ్య ఉత్త గిటారు వినపడదు, అందుకని విద్యుత్ గిటారు కొన్నాడు. అరుగు మీద పాట బారులోకి వచ్చినప్పుడు ఆంప్లిఫయరు కావలసి వచ్చింది, బారు నుంచి స్టేడియానికి పోయినప్పుడు ఆంప్లిఫయర్ల గోడే కావలసి వచ్చింది. రాక్ మోతకు మొదటి మెట్టు ఈ అవసరమే. ఇదే గుడిసె పలక ఒకటి తీసుకుని జీజీ టాప్ బృందపు బిల్లీ గిబన్స్ గిటారు చేయించి మ్యూజియానికి ఇచ్చాడు. దాని తెల్లని ఒంటి మీద నది పారినట్టుగా ఒక నీలి వంపు గీశారు. చూడడానికి కొంచెం ఆర్భాటంగానే ఉంది, అయినా కట్టె అదే కట్టె.

61, 49 రహదారులు కలిసే కూడలిలో మూడు నీలి గిటార్ల బొమ్మ స్తంభం మీద పెట్టారు. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ అర్ధరాత్రి ఇక్కడ దయ్యానికి ఆత్మను అమ్మి గిటారు విద్య సంపాదించాడని చెప్పి యాత్రికుల చేత ఫొటోలు తీయిస్తుంటారు. కష్టపడి సాధన చేసిన నల్లవాడి విద్యకు దయ్యాన్ని కారణం చెప్పడం నాకెప్పుడూ రుచించలేదు. మేమూ ఫొటో తీయించుకున్నాం, అది వేరే సంగతి.

రాత్రి ఒక జూక్ జాయింట్‌కు, అంటే నల్లవారి పాటల బారుకు వెళ్ళాం. రేకు కప్పు, క్రిస్మస్ దీపాల తోరణం, పెచ్చులూడిన గోడ, పాతిక మంది జనం. వేదిక లేదు, నేల మీదే కుర్చీ వేసుకుని మా వయసు పెద్దమనిషి వాయిస్తున్నాడు. ఎడమచేతి చిటికెన వేలికి నీళ్ళగొట్టం నుంచి కోసిన రాగి ముక్క తొడుక్కున్నాడు. దాన్ని తీగల మీద జారుస్తుంటే స్వరం మెట్ల మీద దిగకుండా వాలు మీద జారినట్టు వస్తుంది. మన గోటువాద్యం విన్నవారికి ఈ పద్ధతి వివరించనక్కరలేదు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి చెవి నిక్కపొడుచుకోవలసి వచ్చింది: అది సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, రెండింటి నడుమ ఎక్కడో నిలబడి వణుకుతుంది. పియానో మెట్లలో దానికి చోటు లేదు. బ్లూ నోట్ అని వాళ్ళు పిలిచేది ఇదే. శ్రుతి తప్పిందని పాశ్చాత్య సంగీతం చదువుకున్నవాళ్ళు తొలిరోజుల్లో అనుకున్నదీ ఇదే. పాట కట్టు మరీ తేలిక. మొదటి పాదం పాడి, దాన్నే రెండోసారి పాడి, మూడో పాదంతో జవాబు చెబుతారు. పన్నెండు తాళపు గదుల్లో, మూడే మూడు స్వరమేళాలతో ఒక చుట్టు పూర్తవుతుంది. ఇంగ్లండు రాక్ బృందాలు క్రీమ్, స్టోన్స్, జెపెలిన్ అందరూ తొలుత ఈ పన్నెండు గదుల ఇంట్లో అద్దెకున్నవారే.

నేను ఇవన్నీ మిత్రుడి చెవిలో చెబుతుంటే, ముందు వరసలోని ఒకావిడ వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టి చూపింది.

నాలుగో రోజు: టట్‌వైలర్, డాకరీ, హాలీ రిడ్జ్

టట్‌వైలర్‌లో రైలు స్టేషను భవనం ఇప్పుడు లేదు. 1903 ప్రాంతంలో బ్యాండు మాస్టరు డబ్ల్యు.సి. హ్యాండీ ఇక్కడ రైలు కోసం కునుకుతూ ఉండగా, చిరుగుల బట్టల మనిషి ఒకడు పక్కన కూర్చొని గిటారు తీగల మీద కత్తి జారుస్తూ పాడాడట. తాను విన్నవాటిలో అంత విచిత్రమైన సంగీతం లేదని హ్యాండీ తరవాత రాసుకున్నాడు. ఆ మనిషి పేరు మాత్రం ఎవరూ అడగలేదు. ఊరి బయట హార్మోనికా వాద్యకారుడు రెండో సన్నీ బాయ్ విలియమ్‌సన్ సమాధి ఉంది. 1963లో ఆయన ఇంగ్లండులో కుర్రాడైన గిటారు వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ ఉన్న యార్డ్‌బర్డ్స్ బృందంతో కలిసి వాయించాడు. సమాధి రాయి మీద తుప్పుపట్టిన హార్మోనికాలు వరసగా పెట్టి ఉన్నాయి.

డాకరీ తోటలో విత్తనాల గిడ్డంగి, పాత జిన్నింగు మిల్లు అలాగే నిలిపి ఉంచారు. మేము తప్ప నరమానవుడు లేడు. తొలితరం బ్లూస్ గాయకుడు చార్లీ పాటన్ ఈ తోటలో పెరిగాడు. గిటారును వీపు వెనక పెట్టి, మోకాళ్ళ మధ్య పెట్టి, దాన్నే డప్పుగా కొట్టి వాయించేవాడు. తరవాత రాక్ గిటారు వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ చేస్తే లోకం నోరు తెరిచి చూసిన విన్యాసాలు 1920ల నాటికే ఇక్కడ శనివారపు వినోదం. యువకుడైన హౌలిన్ వుల్ఫ్ ఈ చుట్టుపక్కలే పాటన్ దగ్గర గిటారు నేర్చుకున్నాడు.

పాటన్ సమాధి హాలీ రిడ్జ్‌లో. ఫోను చూపిన దారి చేల మధ్య మట్టిరోడ్డులోకి తీసుకుపోయి వదిలేసింది. కారు చక్రం బురదలో దిగబడితే, ట్రాక్టరు తోలుకొస్తున్న రైతు ఒకాయన గొలుసు వేసి లాగాడు. డబ్బు ఇవ్వబోతే నవ్వి చెయ్యి ఊపాడు. శ్మశానం పక్కనే జిన్నింగు మిల్లు నడుస్తున్నది. గాలికి దూదిపింజలు ఎగిరొచ్చి గడ్డి మీద, రాళ్ళ మీద పేరుకొని ఉన్నాయి. రాయి మీద పాటన్ పేరు, బొమ్మ, కింద ‘డెల్టా గొంతు’ అని అర్థమిచ్చే మాట. 1934లో చనిపోయిన మనిషికి ఈ రాయి పెట్టించినవాడు క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ గాయకుడు జాన్ ఫోగర్టీ. పాటన్ 1929లో పాడిన ‘హై వాటర్ ఎవ్రీవేర్’ కూడా కరకట్ట తెగిన వరద గురించిన పాటే. నీళ్ళు ఏ ఊరిని ముంచాయో, అక్కణ్ణుంచి ఏ ఊరికి పోవాలనుకుంటున్నాడో, అక్కడ నల్లవాళ్ళను ఎలా అడ్డగించారో వరసగా చెబుతాడు. తుపాను తరవాత మా వైపు ముసలమ్మలు ఏకరువు పెట్టినట్టే.

రాయి మీది దూదిని మిత్రుడు అరచేత్తో తుడిచాడు. మేము కారు దాకా వచ్చేసరికి మళ్ళీ పట్టింది.

అయిదో రోజు: ఇండియనోలా, గ్రీన్‌వుడ్

ఇండియనోలాలో బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ మ్యూజియాన్ని ఆయన పనిచేసిన ఇటుకల జిన్నింగు మిల్లును కలుపుకొని 2008లో కట్టారు. ఆవరణలోనే ఆయన సమాధి. 1967లో శాన్ ఫ్రాన్సిస్కో ఫిల్మోర్ మందిరంలో జుట్టు పెంచిన తెల్ల కుర్రకారు తనకోసం లేచి నిలబడితే కన్నీళ్ళు ఆగలేదని ఆయన చెప్పుకున్నాడు. రాక్ కుర్రాళ్ళు బ్లూస్‌ను దోచుకున్నారా, బతికించారా అని మేమిద్దరం నాలుగు రోజులుగా తగవులాడుకుంటున్నాం. రెండేళ్ళ తరవాత, 1969లో, స్టోన్స్ అమెరికా యాత్రలో ఆయనే ముందు కచేరీ చేశాడని మిత్రుడు గోడ మీది బొమ్మ చూపించాడు. నేను డిక్సన్ దావా గుర్తు చేశాను. ఇద్దరి దగ్గరా సరకుంది గనుక తగవు తెగలేదు.

గ్రీన్‌వుడ్‌కు ఉత్తరాన మనీ రోడ్డు మీద లిటిల్ జయన్ చర్చి, దాని పక్కన పెకన్ చెట్టు కింద రాబర్ట్ జాన్సన్ సమాధి. ఈ చుట్టుపక్కల ఆయన పేరిట మూడు సమాధి రాళ్ళున్నాయి. ఇదే అసలైనదని ఎక్కువమంది నమ్మకం. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డాలస్‌లో రికార్డు చేసిన 29 పాటలు తప్ప ఆయన మిగిల్చినది లేదు. 1938 ఆగస్టు 16న, ఇరవై ఏడేళ్ళకే పోయాడు. 1961లో వాటిలో కొన్ని పాటలతో ఎల్పీ వస్తే లండన్ కుర్రాళ్ళ చేతుల్లో పడింది. 1968లో క్రీమ్ బృందం ‘క్రాస్‌రోడ్స్’ వాయించిన వేగానికి మూలగీతం గుర్తుపట్టడం కష్టం. మూలంలో ఆ మనిషి చీకటి పడుతుండగా ఒంటరిగా కూడలిలో నిలబడి బండి ఆపమని చెయ్యెత్తుతాడు, ఎవరూ ఆపరు. రాత్రిపూట ఒంటరి నల్లవాడు రోడ్డు మీద దొరికిపోతే ఏమవుతుందో తెలిసిన భయం అది. దయ్యం కథ అందులో ఒక్క ముక్క లేదు.

అదే రోడ్డు మీద ఇంకా కొన్ని మైళ్ళు పోతే మనీ అనే ఊరు. అక్కడ తీగలు అల్లుకొని కూలిపోతున్న దుకాణం గోడ ఉంది. చికాగో నుంచి చుట్టాలింటికి రైల్లో వచ్చిన పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్, ఈ కొట్లో తెల్ల ఆడమనిషితో చనువుగా మాట్లాడాడన్న నెపం మీద, 1955 ఆగస్టులో ఎత్తుకుపోయి చంపబడ్డాడు. జాన్సన్ సమాధి దగ్గర మేము ఫొటోలు తీసుకున్నాం. ఇక్కడ ఫోను బయటికి తియ్యబుద్ధి కాలేదు. తిరుగు దారిలో కారులో పాట కూడా పెట్టలేదు.

ఆరో రోజు: గ్రీన్‌విల్

1927 ఏప్రిల్ 21న గ్రీన్‌విల్‌కు ఉత్తరాన మౌండ్స్ లాండింగ్ దగ్గర మిసిసిపీ కరకట్ట తెగింది. ఆ ఏటి వరద మొత్తం మీద 27,000 చదరపు మైళ్ళ నేలను ముంచింది. ఊళ్ళోకి నీళ్ళు వచ్చాక మిగిలిన ఎత్తు కరకట్ట ఒక్కటే. 13,000 మందికి పైగా, దాదాపు అందరూ నల్లవాళ్ళే, దాని మీద గుడారాల్లో గడిపారు. తెల్లవారిని పడవలెక్కించి పంపించారు. కూలీలు వెళ్ళిపోతే మళ్ళీ తిరిగి రారన్న భయంతో తోటల యజమానులు నల్లవారిని కదలనివ్వలేదు. తుపాకుల కాపలాలో కట్ట మీద పని చేయించారు, తిండి కోసం మెడలో చీటీ వేలాడదీసుకోమన్నారు. పాటలో మనిషి కట్ట మీద రాత్రంతా మూలుగుతూ కూర్చోవడం వెనక ఇంత ఉంది. 1975 జనవరిలో, పైవరస కుర్చీలో, నేను విన్నది డ్రమ్ము.

ఆ డ్రమ్మునూ తక్కువ చెయ్యలేను. 1971లో ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్లగది అడుగున బోనమ్‌ను కూర్చోబెట్టి, పై మెట్ల మీద నుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. దెబ్బకు దెబ్బకు మధ్య గోడలు పలికే ఆ బరువు, నీళ్ళు కట్టను నెట్టినట్టే ఉంటుంది. వరద చూడని కుర్రాళ్ళు దాన్నెలా పట్టుకున్నారో తెలియదు గానీ, పట్టుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. నేను చికాగోలో ఉన్నాను. మా వాళ్ళు బతికే ఉన్నారన్న తంతి చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది; మా మేనత్త కుటుంబం గురించిన ఉత్తరం ఆ తరవాత వచ్చింది. ఆ ఎనిమిది రోజులూ, ఆ తరవాత చాలా ఏళ్ళూ, రికార్డు రెండో వైపు పెట్టినప్పుడల్లా చివరి పాట రాకముందే ముల్లు ఎత్తేసేవాణ్ణి. మిత్రుడు చూసేవాడు, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

గ్రీన్‌విల్ కట్టకు ఊరివైపు మెట్లున్నాయి. 1928 నాటి వరద నియంత్రణ చట్టం తరవాత ఎత్తు పెంచి, వెడల్పు చేసిన కట్ట ఇది. ఇప్పుడు నది ఇక్కడ లేదు. ఇంజనీర్లు వంపును కోసి నదిని దూరం మళ్ళిస్తే, పాత మలుపు ఫెర్గూసన్ సరస్సుగా మిగిలింది. అందుకని కారులో ఉత్తరానికి పోయి, కంకర బాట ఉన్న చోట కట్ట ఎక్కాం. ఒకవైపు చెట్ల గుబురు, దాని వెనక ఎక్కడో నది, రెండోవైపు కోసేసిన పత్తి మోళ్ళు. వాలు మీద గడ్డి మేస్తూ ఆవులు. పైనుంచి చూస్తే పొలం నేల ఎంత పల్లంలో ఉందో కడుపులో తెలుస్తుంది. అవనిగడ్డ కట్ట మీద కూడా చిన్నప్పుడు ఇదే తెలిసేది.

“పెట్టాల్నా?” అని మిత్రుడు ఫోను తీశాడు.

“పెట్టు.”

“ఏది? మనదా, ఆమెదా?”

“ముందు ఆమెది.”

1929 రికార్డు గరగర, ఆ గరగర వెనక రెండు గిటార్లు, జో మెకాయ్ గొంతు. మూడు నిమిషాల పైచిలుకు పాట. గాలికి సగం మాటలు వినపడలేదు, సగం మాటలు నాకు నోటికొచ్చు. అది అయిపోయాక మిత్రుడు నా ముఖం వైపు చూడకుండానే రెండోది పెట్టాడు. గోరంత స్పీకరులోంచి ఆ మెట్లగది డ్రమ్ము చిట్టి తగరపు డబ్బా మోతలా వచ్చింది. ఏడు నిమిషాల పాట. మధ్యలో ఒక ఆవు తలెత్తి చూసి మళ్ళీ గడ్డిలోకి వంచింది. చివరిదాకా విన్నాను. వాడు ఫోను చొక్కా జేబులో వేసుకుని, మోకాలు నొప్పి గనుక నా భుజం పట్టుకుని, పొలంవైపు వాలు దిగడం మొదలుపెట్టాడు.